పాత కామిక్‌కు కొత్త ముద్రణ: అసలు బొమ్మ ఎవరి దగ్గరుంది?

1977 డిసెంబరులో కెనడాలోని కిచెనర్ పట్టణం నుంచి ఒక నలుపు తెలుపు కామిక్ పుస్తకం వచ్చింది. పేరు ‘సెరెబస్’. రాసింది, గీసింది 21 ఏళ్ల డేవ్ సిమ్. అచ్చేసింది డెనీ లూబర్ట్‌తో కలిసి ఆయన పెట్టుకున్న ఆర్డ్‌వార్క్–వనాహైమ్ అనే చిన్న సంస్థ. వేసింది 2,000 ప్రతులు. చీమల్ని తినే ఆఫ్రికా జంతువు ఆర్డ్‌వార్క్ ఒకటి కత్తి పట్టుకుని తిరిగే సరదా కథగా అది మొదలైంది. తర్వాత రాజకీయాలు, మతం, డబ్బు, పెళ్లి అన్నిటినీ తనలోకి లాక్కుంది. 2004 మార్చిలో 300వ సంచికతో ముగిసేసరికి దాదాపు 6,000 పేజీలయింది. ఇన్నేళ్లలో ఆ బొమ్మమీద హక్కు ఏ పెద్ద కంపెనీ చేతికీ పోలేదు.

ఇలాంటి పుస్తకాన్ని మళ్లీ అచ్చేయడం తేలికని అనిపిస్తుంది. అనుమతి కోసం ఎవరినీ బతిమాలనక్కర్లేదు, కోర్టు కేసులు లేవు. అయినా సెరెబస్‌ను తిరిగి సరిగ్గా ముద్రించే పని ఏళ్ల తరబడి సాగింది, ఇప్పటికీ కామిక్స్ సేకర్తలు దాని గురించి మాట్లాడుకుంటూనే ఉంటారు. కారణం ఒక్కటే. హక్కులు రచయిత దగ్గర ఉన్నాయి కానీ, అచ్చుకు పనికొచ్చే బొమ్మలు ఆయన దగ్గర లేవు. స్వతంత్ర కామిక్స్ పునర్ముద్రణలో అసలు చిక్కు ఇక్కడే ఉంది.

హక్కు దక్కింది, బొమ్మలు చెదిరాయి

అమెరికాలో మార్వెల్, డీసీ లాంటి సంస్థలు చిత్రకారులకు పేజీకి ఇంత అని డబ్బిచ్చేవి. గీసిన పాత్ర, కథ, చాలాకాలం పాటు గీసిన అసలు కాగితం కూడా కంపెనీవే. 1970లలో కామిక్స్ మాత్రమే అమ్మే దుకాణాలు పెరిగాయి. అవి ముందే ఆర్డరిచ్చి, మిగిలిన ప్రతులు వాపసు చేయకుండా కొనేవి. ఎన్ని అమ్ముడవుతాయో ముందే తెలుస్తుంది కాబట్టి చేతిలో పెద్దగా డబ్బు లేనివాళ్లు కూడా సొంతంగా పుస్తకాలు వేయగలిగారు. వెండీ పీనీ, రిచర్డ్ పీనీ దంపతుల ‘ఎల్ఫ్‌క్వెస్ట్’ 1978లో మొదలైంది. కెవిన్ ఈస్ట్‌మన్, పీటర్ లెయిర్డ్ 1984లో దాదాపు 3,000 ప్రతులతో వదిలిన ‘టీనేజ్ మ్యూటంట్ నింజా టర్టిల్స్’ తర్వాత టీవీలో, సినిమాల్లో, పిల్లల బొమ్మల్లో ఏ స్థాయికి వెళ్లిందో తెలిసిందే. ఇవన్నీ స్వతంత్ర కామిక్స్.

1988లో కొందరు చిత్రకారులు కలిసి ఒక హక్కుల పత్రం రాసుకున్నారు. ముసాయిదాలో ఎక్కువ భాగం స్కాట్ మెక్‌క్లౌడ్‌ది. చర్చల్లో డేవ్ సిమ్ కూడా ఉన్నాడు. అందులో ఒక డిమాండ్, గీసిన అసలు బొమ్మలు చిత్రకారుడికి వెంటనే, చెక్కుచెదరకుండా తిరిగి రావాలన్నది. న్యాయమైన డిమాండే. కానీ తిరిగొచ్చిన బొమ్మను చిత్రకారుడు ఏం చేస్తాడు? పుస్తకం మీద వచ్చే డబ్బు చాలనప్పుడు అభిమానికి అమ్ముతాడు. సెరెబస్ పేజీలు అలాగే ఒక్కొక్కటిగా సేకర్తల ఇళ్లకు చేరాయి, కొన్ని ఫ్రేముల్లో గోడలెక్కాయి. అప్పట్లో అది నష్టంగా ఎవరికీ తోచలేదు. ముద్రణకు నెగెటివ్‌లు ఉన్నాయి కదా అనుకున్నారు.

కాగితం నుంచి ప్లేటుకు

ఆఫ్‌సెట్ ప్రెస్‌లో పనిచేసినవాళ్లకు ఈ సంగతి చెప్పనక్కర్లేదు. చిత్రకారుడు అచ్చయ్యే సైజుకు ఒకటిన్నర రెట్లు పెద్ద అట్టమీద ఇండియన్ ఇంకుతో గీస్తాడు. ప్రెస్‌లోని పెద్ద కెమెరా దాన్ని ఫొటో తీసి చిన్నది చేసి నెగెటివ్‌గా మారుస్తుంది. నెగెటివ్ నుంచి ప్లేటు, ప్లేటు నుంచి అచ్చు. ప్లేటు అరిగిపోతుంది, పారేస్తారు. నెగెటివ్ జాగ్రత్తగా దాచితే పదేళ్ల తర్వాత కూడా కొత్త ప్లేటు చేసుకోవచ్చు. ఒంటారియోలోని విండ్సర్‌లో ప్రెనీ అనే ప్రెస్ చాలా ఏళ్లపాటు సెరెబస్‌ను అచ్చేసింది. నెలనెలా వచ్చే సంచికలకు వాడిన నెగెటివ్‌లే తర్వాత లావుపాటి సంపుటాలకూ పనికొచ్చాయి. వాటిలో ‘హై సొసైటీ’ 1986లో వచ్చింది. 26 నుంచి 50 దాకా సంచికలన్నీ కలిపి 500 పేజీలు దాటిన ఆ పుస్తకాన్ని సిమ్ 25 డాలర్లకు పోస్టులో నేరుగా పాఠకులకే అమ్మాడు. లావు చూసి అభిమానులు దాన్ని ‘ఫోన్ బుక్’ అన్నారు. ఆ పేరే అన్ని సంపుటాలకూ నిలిచిపోయింది.

తర్వాత ముద్రణ రంగమే మారిపోయింది. కెమెరాలు, ఫిల్ములు పోయాయి, అంతా కంప్యూటర్ ఫైలు. పాత నెగెటివ్ తెస్తే తీసుకునే ప్రెస్ దొరకడం కష్టమైంది. స్కాన్ చేయాల్సిందే. ఆ స్కానింగ్ దగ్గరే సమస్య మొదలైంది.

సెరెబస్‌లో గెర్‌హార్డ్ అనే చిత్రకారుడి పాత్ర పెద్దది. 1984లో 65వ సంచికతో చేరి, చివరిదాకా వెనక దృశ్యాలన్నీ ఆయనే గీశాడు. మెట్లు, గోడలు, కిటికీలోంచి పడే వెలుగు, బార్ బల్లమీద గాజు సీసాలు అన్నిటినీ వెంట్రుకంత సన్నని గీతలతో అల్లాడు. అక్కడక్కడ బూడిద రంగు కావాలంటే చుక్కలు అచ్చేసిన పారదర్శక షీట్లను కత్తిరించి అట్టమీద అంటించేవారు. దగ్గర్నుంచి చూస్తే అవి నల్లచుక్కలు, దూరం నుంచి చూస్తే బూడిద రంగు.

స్కానర్‌కు ఈ చుక్కలంటే గిట్టదు. స్కానర్ చూసేది కూడా చిన్న చిన్న గళ్లుగానే. రెండు దోమతెరలు ఒకదానిమీద ఒకటి వేస్తే అలల్లాంటి చారలు కనిపిస్తాయి కదా, అలాగే బొమ్మలోని చుక్కల వరుస, స్కానర్ గళ్ల వరుస కలిసి బొమ్మలో లేని చారల్ని పుట్టిస్తాయి. వీటిని మోరే అంటారు. తక్కువ రిజల్యూషన్‌లో స్కాన్ చేసి, సైజు మార్చి, మామూలు ఫొటోలా అచ్చేస్తే గెర్‌హార్డ్ గీసిన ఆకాశంలో చీరమీది జరీ గళ్లలాంటివి తేలతాయి. సన్నగీతలు కొన్నిచోట్ల తెగిపోతాయి, కొన్నిచోట్ల కలిసిపోయి మచ్చలవుతాయి. డిజిటల్‌కు మారిన తొలి రోజుల్లో చాలా పునర్ముద్రణలకు పట్టిన జబ్బు ఇది. పాత ప్రతి కన్నా కొత్త ప్రతి అధ్వానంగా ఉందని సేకర్తలు ఫిర్యాదు చేశారంటే అది ఛాదస్తం కాదు, పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరికైనా తెలుస్తుంది.

కాలిపోయిన నెగెటివ్‌లు

2012లో సిమ్ ‘హై సొసైటీ’ని డిజిటల్ రూపంలో తేవడానికి కిక్‌స్టార్టర్‌లో చందాలు అడిగాడు. అడిగింది 6,000 డాలర్లు, వచ్చింది 60 వేలకు పైనే. పాఠకుల ఆదరణ ఇంకా ఉందని రుజువైంది. అదే ఏడాది, స్కానింగ్ కోసం ఆ పుస్తకం నెగెటివ్‌లు ఉంచిన అపార్ట్‌మెంట్‌లో మంటలు చెలరేగాయి. నెగెటివ్‌లు కాలిపోయాయి.

ఇక మిగిలింది మూడు దార్లు. సేకర్తల దగ్గరున్న అసలు బొమ్మల్ని వెతికి స్కాన్ చేయించడం మొదటిది. మిగిలిన నెగెటివ్‌లు ఏవైనా ఉంటే వాడుకోవడం రెండోది. ఏదీ లేని పేజీకి పాత అచ్చు ప్రతిని స్కాన్ చేసి బాగుచేసుకోవడం మూడోది. అమెరికన్ చిత్రకారుడు షాన్ మైకేల్ రాబిన్సన్ ఈ పని చేపట్టి సంపుటం తర్వాత సంపుటాన్ని శుభ్రం చేస్తూ వచ్చాడు. మీ దగ్గర సెరెబస్ పేజీ ఉంటే స్కాన్ పంపండి అని బొమ్మలు కొన్నవాళ్లందరికీ బహిరంగంగా విజ్ఞప్తి చేశారు. పంపినవాళ్లకు దక్కేది డబ్బు కాదు. పుస్తకం బాగా రావాలన్న కోరికతోనే చాలామంది స్పందించారు.

అసలు బొమ్మ దొరికినా పని అయిపోదు. చుక్కల షీట్ల జిగురు 30 ఏళ్లలో పసుపు రంగుకు తిరుగుతుంది, షీటు ముడుచుకుని పక్కకు జారుతుంది, అంచున దుమ్ము చేరి నల్లగీతలా కనిపిస్తుంది. అతికించిన మాటల బుడగలు ఊడిపోయి ఉంటాయి. నింజా టర్టిల్స్‌ది ఇంకో రకం ఇబ్బంది. దాన్ని గీసిన బోర్డు ప్రత్యేకమైనది. రసాయనం పూస్తే అందులో దాగిన గీతలు పైకి తేలి నీడలవుతాయి. ఏళ్లు గడిచేకొద్దీ అలాంటి బోర్డు రంగు మారుతుంది, నీడలు వెలిసిపోతాయి. అసలు బొమ్మే మరకపడితే 1984 నాటి అచ్చు ప్రతే నమ్మదగ్గ సాక్ష్యం అవుతుంది.

పునరుద్ధరణలో మొదటి సూత్రం స్కాన్‌ను చాలా ఎక్కువ రిజల్యూషన్‌లో ఉంచడం. మామూలు ఫొటోకు అంగుళానికి 300 పిక్సెళ్లు చాలు. సన్నగీతల నలుపు తెలుపు పనికి అచ్చయ్యే సైజులో 1,200, వీలైతే 2,400 కావాలి. తర్వాత ప్రతి పిక్సెల్‌ను ఖచ్చితంగా నలుపుగానో, తెలుపుగానో మార్చాలి. మధ్యలో బూడిద రంగు ఉండకూడదు. బూడిద ఉంటే ప్రెస్ దాన్ని మళ్లీ తన చుక్కలుగా విడగొడుతుంది, చుక్కమీద చుక్క పడి మోరే తిరిగొస్తుంది. నలుపు తెలుపుగా మార్చాక ఇక సైజు మార్చకూడదు, పేజీని ఒక్క డిగ్రీ కూడా తిప్పకూడదు. ఆ గీటు ఎక్కడ గీయాలన్నదే పనితనమంతా. ఎంత ముదురుంటే నలుపు, ఎంత లేతగా ఉంటే తెలుపు? కొంచెం అటైతే గీతలు బక్కచిక్కుతాయి, కొంచెం ఇటైతే లావెక్కుతాయి. పేజీలో ఒక మూలకు సరిపోయిన కొలత ఇంకో మూలకు సరిపోదు.

అచ్చు ప్రతి నుంచి చేయాల్సి వస్తే శ్రమ మరీ ఎక్కువ. న్యూస్‌ప్రింట్‌మీద సిరా పాకుతుంది కాబట్టి అచ్చులోని గీత చిత్రకారుడు గీసినదానికన్నా లావుగా ఉంటుంది. వెనక పేజీ బొమ్మ లీలగా కనిపిస్తుంది. స్కాన్ చేసేటప్పుడు పేజీ వెనక నల్లకాగితం పెడితే ఆ నీడ చాలావరకు పోతుంది. చిన్న చిట్కానే కానీ గంటల పని ఆదా చేస్తుంది. ఐదువందల పేజీల సంపుటానికి పేజీకి ఒక్క గంట చొప్పున వేసుకున్నా రోజుకు ఎనిమిది గంటలు కూర్చుంటే రెండు నెలలు. పెద్ద కంపెనీ అయితే దీనికి ఒక విభాగాన్నే పెడుతుంది. హక్కులు తన దగ్గరే ఉంచుకున్న చిత్రకారుడు ఆ ఖర్చు తనే పెట్టుకోవాలి.

పైగా సిమ్ మార్కెట్ అప్పటికే చిన్నదైంది. 1994లో 186వ సంచికలో స్త్రీల గురించి ఆయన రాసిన వ్యాసం చాలామంది పాఠకుల్ని, తోటి చిత్రకారుల్ని దూరం చేసింది. దానికి వాళ్లను తప్పుపట్టలేం. ఆ అభిప్రాయాల్ని ఏవగించుకుంటూనే గెర్‌హార్డ్ గీసిన రాళ్ల గోడలు చెరిగిపోకూడదనుకునేవాళ్లూ ఉన్నారు. పునర్ముద్రణలు నిలబడ్డాయంటే అందులో వాళ్ల వంతు కూడా ఉంది.

దాచుకున్నవాళ్లు

ఎల్ఫ్‌క్వెస్ట్ కథ దీనికి పూర్తిగా వేరు. పీనీ దంపతులు అసలు బొమ్మల్ని చాలావరకు అమ్మకుండా దాచారు. 2013లో తమ భాండాగారాన్ని న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయానికి అప్పగించారు. మరుసటి ఏడాది డార్క్ హార్స్ సంస్థ అసలు బొమ్మల సైజులోనే ఒక భారీ గ్యాలరీ సంపుటం తెచ్చింది. వెతుకులాట లేదు, విజ్ఞప్తులు లేవు. అలా దాచుకోవడానికి స్థోమత కూడా కావాలి. ఎల్ఫ్‌క్వెస్ట్ బాగా అమ్ముడైన పుస్తకం. నెలాఖరుకు అద్దె కట్టాల్సిన చిత్రకారుడికి బీరువాలో బొమ్మలు పేర్చుకోమని సలహా ఇవ్వడం తేలికే.

హక్కులు చిక్కుపడితే బొమ్మలున్నా లాభం లేదనడానికి ‘మిరాకిల్‌మ్యాన్’ ఉదాహరణ. 1980లలో బ్రిటన్‌లోని ‘వారియర్’ పత్రికలో మొదలై, అమెరికాలో ఎక్లిప్స్ సంస్థ కొనసాగించిన ఈ కథ 1990ల తొలినాళ్లలో ఆగిపోయింది. ఎక్లిప్స్ దివాలా తీసింది. పాత్ర ఎవరిదన్న తగవు ఏళ్లపాటు నడిచింది. 2009లో మార్వెల్ హక్కులు కొని, 2014లో పునర్ముద్రణ మొదలుపెట్టింది. అప్పుడు కూడా రచయిత అలన్ మూర్ తన పేరు వాడొద్దన్నాడు. అందుకే పుస్తకంలో ఆయన పేరున్నచోట ‘మొదటి రచయిత’ అని మాత్రమే ఉంటుంది.

ఏ రూపం అసలైనది?

సేకర్తల్లో ఇది తెగని తగాదా. డేవ్ స్టీవెన్స్ గీసిన ‘రాకెటీర్’ 1982లో పసిఫిక్ కామిక్స్ అనే చిన్న సంస్థ నుంచి వచ్చింది. ఆయన 2008లో చనిపోయాడు. 2009లో ఐడీడబ్ల్యూ సంస్థ కథ మొత్తాన్ని లారా మార్టిన్ వేసిన కొత్త రంగులతో తెచ్చింది. 2010లో అదే సంస్థ అవే పేజీల్ని ‘ఆర్టిస్ట్స్ ఎడిషన్’ పేరుతో ఇంకోలా తెచ్చింది. నలుపు తెలుపు బొమ్మనే రంగుల్లో స్కాన్ చేసి, అసలు అట్టంత సైజులో అచ్చేశారు. నీలి పెన్సిల్ గీతలు, తెల్లరంగు పూసి దిద్దిన చోట్లు, అంచుల్లో రాసుకున్న గుర్తులు అన్నీ కనిపిస్తాయి. గీయడం నేర్చుకునేవాడికి అది పాఠశాల. కానీ 1982లో పాఠకుడు చదివింది దాన్ని కాదు. అప్పటి పాఠకుడి చేతిలో ఉన్నది చవక కాగితంమీది రంగుల పుస్తకం. తళతళలాడే ఆర్ట్ పేపర్‌మీద కొత్త రంగులతో వచ్చింది అదేనని చెప్పలేం. జెఫ్ స్మిత్ నలుపు తెలుపులో ముగించిన ‘బోన్’కు 2005 నుంచి స్కొలాస్టిక్ సంస్థ రంగులద్ది బడిపిల్లలకు చేర్చింది. అక్కడ రంగు వేసినందుకు ఎవరూ ఏమీ పోగొట్టుకోలేదు, నలుపు తెలుపు ప్రతి విడిగా ఉంది. పాత రూపాన్ని తుడిచేసి కొత్తదే అసలని చెప్పినప్పుడే గొడవ.

రెండు రూపాలకూ చోటుంది కానీ, ఏం చేశారో పుస్తకంలో చెప్పాలి. ఏ పేజీ అసలు బొమ్మ నుంచి, ఏది అచ్చు ప్రతి నుంచి వచ్చిందో ఒక్క పేజీ వివరణ ఇస్తే సరిపోతుంది. మంచి ప్రచురణకర్తలు ఇస్తున్నారు.

నర్మద కథ

ఇదంతా అమెరికా, కెనడాలకే పరిమితమైన బాధ కాదు. ఓరిజిత్ సేన్ గీసిన ‘రివర్ ఆఫ్ స్టోరీస్’ 1994లో పర్యావరణ సంస్థ కల్పవృక్ష్ ద్వారా వచ్చింది. నర్మద మీద ఆనకట్ట, దానివల్ల ఊళ్లు పోయే ఆదివాసులు, వాళ్ల దగ్గరికి వెళ్లిన ఒక విలేకరి అందులో కథ. భారతదేశపు తొలి గ్రాఫిక్ నవలగా దాన్ని చాలామంది లెక్కిస్తారు. ఆ పుస్తకం కొద్దికాలానికే దుకాణాల్లో దొరక్కుండా పోయింది. దాదాపు మూడు దశాబ్దాల పాటు పేరు విన్నవాళ్లే ఎక్కువ, చదివినవాళ్లు తక్కువ. ఈలోగా 2000లో సుప్రీంకోర్టు నిర్మాణానికి అనుమతిచ్చింది, 2017లో సర్దార్ సరోవర్‌ను ప్రధాని జాతికి అంకితం చేశారు. ఆనకట్ట గురించిన పుస్తకం దొరకని కాలంలోనే ఆనకట్ట పూర్తయింది. 2022లో చెన్నైకి చెందిన చిన్న సంస్థ బ్లాఫ్ట్ దాన్ని మళ్లీ ముద్రించింది.

తెలుగులో స్వతంత్ర కామిక్స్‌కు ఇలాంటి చరిత్ర లేదు. కానీ 1947 జులైలో మొదలైన ‘చందమామ’ విషయంలో మనవాళ్లు చేసిందీ దీనికి దగ్గరి పనే. ఇంట్లో బైండు చేయించి దాచుకున్న పాత సంచికల్ని పాఠకులే స్కాన్ చేసి పంచుకున్నారు. చదవడానికి అవి చాలు. చిత్ర, శంకర్, వడ్డాది పాపయ్య బొమ్మల్ని పెద్ద సైజులో అచ్చేయాలంటే మాత్రం చాలవు. తక్కువ రిజల్యూషన్‌లో ఒకసారి స్కాన్ చేసి ‘భద్రపరిచాం’ అనుకుని మూలప్రతిని తూకానికి అమ్మేస్తే, ఆ తర్వాత చేయగలిగేది చాలా తక్కువ.

కొనేముందు

పునర్ముద్రణ వచ్చాక పాత ప్రతి ధర పడిపోతుందని భయపడేవాళ్లుంటారు. సాధారణంగా అలా జరగదు. తొలి ముద్రణకు విలువ అది తొలిది కావడంవల్లే. అసలు ప్రమాదం దొంగ ప్రతులతో. సెరెబస్ మొదటి సంచికకు ధర పెరగ్గానే నకిలీలు మార్కెట్లోకి వచ్చాయి. అసలు ప్రతిలో అట్ట లోపలి నలుపు మెరవదు, నకిలీలో నిగనిగలాడుతుంది. సేకర్తలు గుర్తుపట్టే పద్ధతి అదే. అందుకే నాటి సంచికను ప్రకటనలతో సహా ఉన్నదున్నట్టు అచ్చేసే నిజాయితీ గల సంస్థ ఎక్కడో ఒకచోట కొత్త ముద్రణ సంవత్సరం వేస్తుంది.

కొత్త సంపుటం చేతికొచ్చినప్పుడు పరీక్షించడం కష్టమేమీ కాదు. బూడిద రంగున్న చోటు వెతికి పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం పెట్టాలి. చుక్కలు విడివిడిగా, అంచు తేరి, ఒకే వరుసలో ఉంటే స్కానింగ్ బాగా జరిగినట్టు. చారలు తేలినా, చుక్కల్లో మళ్లీ చిన్న చుక్కలు కనిపించినా ప్రెస్ బూడిద రంగును మరోసారి విడగొట్టిందని అర్థం. తర్వాత సన్నగీతలు దట్టంగా ఉన్న మూల చూడాలి. గీతల మధ్య తెలుపు మిగిలి ఉందా, పూడుకుపోయిందా? చివరిగా పేజీ మడత దగ్గర బొమ్మ లోపలికి మింగుడుపడిందేమో చూడాలి. ఐదువందల పేజీల పుస్తకంలో ఈ తప్పు ఎక్కువ, దీన్ని ఏ స్కానరూ బాగుచేయలేదు.